సీసా మెడ మీద బూజు

అశ్వారావుపేట,
ఆదివారం.

ప్రియమైన సంపూర్ణకు,

ప్రభువు దయతో నేనూ, మన అమ్మాయి ఆరాధనా బాగున్నాము. రాయవేలూరులో మీ అక్క ఆపరేషన్ సుఖంగా జరిగిందని చదివి మనసు కుదుటపడింది. మా ల్యాబ్ సంగతి అడిగావు. జరిగినది వరుసగా రాస్తున్నాను.

1. అరటి పిలకలు పెంచే సీసాల్లో తెల్లబూజు పుట్టింది.
2. పిలకలకు ఆహారమైన మీడియంలో కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపాను. తగ్గలేదు. మోతాదు పెంచాను. పిలకలు గిడసబారాయి, బూజు ఆగలేదు.
3. పిలకలు కోసి సీసాల్లో నాటే వనజను పనిలోంచి తీసేశారు.
4. ఆ తరువాత కూడా బూజు వచ్చింది.

వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. ఆరాధన చేస్తోంది, ఉప్పు నేను చూస్తున్నాను. వనజ కూతురికి గౌను కుడతానని, కొలత పంపమన్నావు. ఆ ఒక్క మాటకే జవాబు రాయలేక ఇన్నాళ్లూ ఉత్తరం ఆపాను.

మూడవ అంశం దానంతట అదే జరిగినట్టు రాశాను. అది నా పని. మేనేజర్ బెంజమిన్ గారు కారణమేమిటని అడిగారు. పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాడిని కదా, తెలియదనడానికి నామోషీ పడ్డాను. ఇప్పపువ్వు ఏరి వచ్చే వనజ చేతుల వల్లనని చెప్పాను. అందరి ముందు ఆమె చేతులు చాపించి గోళ్లు చూశాను. శుభ్రంగానే ఉన్నాయి. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

నిన్న ఒక సీసాను వెలుతురులో పెట్టి చూశాను. బూజు మెడ దగ్గర, నేను అంటించిన తేదీ చీటీ కింద మొదలై మూత సందులోంచి దిగుతోంది. చీటీలు పొందికగా అంటాలని మైదా ఉడికించి జిగురు కాచేవాడిని; గిన్నె పాడవుతోందని నీవు కోప్పడేదానివి. లోపల మందు పోస్తూ, బయట బూజుకు మేత పెట్టింది నేనే.

ఈరోజు చర్చి నుంచి నేరుగా వనజ గూడేనికి వెళ్లాను. ఆమె అత్త ఎర్రమ్మ గడపలోనే నిలేసింది.

"ఏంది సారూ, మా కోడలి చేతులు మల్ల చూస్తవా?"

తప్పు నాదని చెప్పాను. వనజ చింతపండులో గింజలు తీస్తూనే అంది.

"చేతులు చూసింది అందరి ముంగట. తప్పైందని చెప్పేది మా ఇంట్ల, చెవిల చెప్పినట్టా? రేపు గా అందరి ముంగటనే చెప్పు సార్. గప్పుడు వస్త."

రేపు పని మొదలయ్యే ముందు చెబుతాను. ధైర్యం చాలక వెనుదిరుగుతానేమోనని ముందుగా నీకు రాశాను. నీకు తెలిశాక నాకు దాక్కునే చోటు ఉండదు.

గౌను కొలత అడిగే ముఖం ఈరోజు లేకపోయింది. ఆమె పనికి వస్తే అడిగి రాస్తాను. అందాకా గుడ్డ కత్తిరించకు.

సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు.

ఇట్లు,
నీ భర్త,
మేకల షాలేమ్‌రాజు