అమ్మ పేరున ఎవరికి ఇద్దాం

అక్కకి,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ మరదలూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ కూడా బాగానే ఉన్నారని నీ దస్తూరీ చూడగానే తెలిసింది. ఒంట్లో నలతగా ఉంటే నీ అక్షరాలు కుడివైపుకి ఒరిగిపోతాయి. ఈసారి నిటారుగా నిలబడి నన్ను నిలదీస్తున్నాయి.

ఫోనుండగా ఇంత పొడుగు ఉత్తరమేమిటని నువ్వు అనవని తెలుసు. అమ్మ ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసింది. అసలైన సంగతి ఏదైనా కవరులో పెట్టి అంటించాలనే అలవాటు మన ఇద్దరికీ ఆవిడ పెట్టిందే. పైగా ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. ఈసారి నేను చివరిదాకా చెప్పాలి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలు పరవాలేదు. మెట్లెక్కడం మానెయ్యమన్నారు డాక్టరు. లిఫ్టులు తనిఖీ చేసేవాడికి ఆ సలహా ఇవ్వడం సులువే. తనిఖీ పూర్తయ్యేదాకా లిఫ్టు ఎక్కకూడదు కాబట్టి నాకు మెట్లే గతి. పిల్ల పళ్ళకి తీగ కట్టించాం. నెల రోజులుగా నవ్వడం మానేసి, చూపులతోనే సాధిస్తోంది. మీ మరదలికి కొత్త ఆఫీసు అలవాటైంది. అక్కడి లిఫ్టు నన్నొకసారి చూడమంది, నేను వినిపించుకోలేదు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. అవును, నిజమే. హాస్టలు బడి లిఫ్టుకి సీలు వేసింది నేనే.

సంగతి ఇదీ. అమ్మ దాచిన డబ్బు ఆవిడ చివరి మాట ప్రకారం పిల్లల చదువుకి ఇవ్వాలని నువ్వన్నావు. ఎవరికో ఒకరికి ఇచ్చి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదని నేనన్నాను. నీకు కొత్తేముంది, లాబులో పరీక్షించేదాకా నువ్వు నీళ్ళని నమ్మవు, నేను ఊళ్ళో లిఫ్టుల్ని నమ్మను. అందుకని మా ఆఫీసు ఫారమే నాలుగు కాపీలు తీసుకుని బయల్దేరాను. అందులో నాలుగే గడులు: స్థితి, లోపాలు, బరువు మీద పనితీరు, సిఫారసు. ఖాళీ లిఫ్టు ఎప్పుడూ బాగానే ఆడుతుంది. ఇసుక బస్తాలు నింపి ఆడించినప్పుడే దాని సంగతి బయటపడుతుంది. సంస్థలకి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందని నా నమ్మకం.

హాస్టల్లో వంటగది కింద, భోజనాల హాలు మూడో అంతస్తులో. గిన్నెలు పైకి పంపడానికి ఒక సామాన్ల లిఫ్టుంది. వార్డెను గారు నాకు తరగతులూ, పడకలూ, పిల్లలు వేసిన బొమ్మలూ ఓపిగ్గా చూపిస్తున్నారు. నా కళ్ళు మాత్రం ఆ లిఫ్టు తాడు మీదే ఉన్నాయి. ఇనప పోగులు తెగి చీపురులా విచ్చుకున్నాయి. సీలు సంచిలోనే ఉంది, చెయ్యి ఊరుకోలేదు.

మూడు వారాల పాటు వంటవాళ్ళూ, పెద్ద పిల్లలూ మెట్ల మీద వరసగా నిలబడి గిన్నెలు చేతులు మార్చుకుంటూ పైకి పంపారట. వార్డెను గారు నీకు ఫోను చేశారంటే ఆయన తప్పేమీ లేదు. నాతో కూడా ఆయన ఒక్కటే మాటన్నారు: "సాయం చేస్తారనుకున్నాం సార్, సీలు వేస్తారనుకోలేదు."

కొత్త తాడు వేశాక మళ్ళీ వెళ్ళి సీలు తీశాను. ఆ రోజు బడి కూడా సరిగ్గా చూశాను. బడి మంచిదక్కా. టీచర్లు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నారు. ఒక పిల్లని పాఠం చదవమన్నాను, గడగడా చదివింది. తర్వాత పుస్తకం నా చేతికిచ్చి ఇప్పుడు మీరు చదవండంది. ఒక చోట తడబడితే దిద్దింది కూడా. ఫారంలో ఒక్క లోపం కూడా రాయలేకపోయాను.

బావగారు చెప్పిన కుక్కల ఆశ్రమానికి కూడా వెళ్ళొచ్చాను. మూడు కాళ్ళ కుక్క ఒకటి నా ఫారం సగం నమిలేసింది. మిగతా సగంలో రాయడానికి ఏమీ దొరకలేదు. బావగారితో మాత్రం పరిశీలనలో ఉందని చెప్పు.

మరి బడి అంత బాగున్నప్పుడు ఐదు నెలలుగా ఎందుకు నానుస్తున్నావని అడిగావు. మూడో చోటు ఒకటుంది. దాని గురించి నీకు ఇంతవరకూ రాయలేదు.

సైకిళ్ళ షాపు పైన ఒకే ఒక గది. ఆసుపత్రుల్లో ఎవరూ దగ్గర లేని రోగుల పక్కన, ఆఖరి రోజుల్లో, తోడుగా కూర్చునేవాళ్ళ సంఘం. నడిపేది బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన. ఇప్పటికీ అందరూ ఆయన్ని కండక్టర్ గారనే అంటారు. గోడ మీద ఒక పెద్ద పట్టిక, అందులో ఏ వార్డులో ఏ మంచం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఎవరు అని రాసుంది. ఫైళ్ళకి పేర్లు లేవు. నాకు వేసిన కుర్చీకి ఒక కాలు పొట్టి. లోపాల గడి నిండిపోయి, రెండో పేజీ తీసుకోవాల్సి వచ్చింది.

మీ వల్ల ఎంతమందికి నయమైందని అడిగాను. ఎవరికీ కాలేదన్నారాయన. మరి డబ్బు దేనికంటే గది అద్దెకీ, కూర్చునేవాళ్ళ బస్సు చార్జీలకీ, కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక నర్సు నేర్పే వారం రోజుల పాఠాలకీ అన్నారు. పనితీరు చూడాలి, ఏం చేస్తారో చూపించండన్నాను.

"మేం ఏమీ చెయ్యమండీ, కూర్చుంటాం. మీరూ ఒకసారి రెండు గంటలు కూర్చోండి. ఆ తర్వాత మీ కాయితం నింపుకోండి."

పాఠాలకని వారం రోజులు సాయంత్రాలు వెళ్ళాను. పిల్ల చదువు కోసం ట్యూషను మాట్లాడటానికి వెళ్తున్నానని మీ మరదలికి అబద్ధం చెప్పాను. ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం నన్నొక ముసలి దర్జీ పక్కన కూర్చోబెట్టారు. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఒకసారి తెరిచి నా చొక్కా చేతి పట్టీ తడిమి, "గుండీ ఊడేలా ఉంది, చూసుకో" అన్నాడు. అలాగేనన్నాను. మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

గంట దాటాక ఆయన ఊపిరి తీరు మారింది. ఆగి ఆగి వస్తోంది. సరిగ్గా అప్పుడే వరండా చివర లిఫ్టు తలుపు కిర్రుమంది. అక్కా, నేను లేచి నిలబడ్డాను. వెళ్ళి ఆ తలుపు చూసి రావాలనిపించింది. రెండు నిమిషాల పని అనిపించింది. కాళ్ళు గుమ్మం వైపే లాగుతున్నాయి. ఎలాగో మళ్ళీ కూలబడి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది. రెండు గంటలు అయ్యాక నా తర్వాతి మనిషి వచ్చింది. ఆయన ఇంకో రెండు రోజులుండి, వేరే ఎవరో పక్కనుండగా పోయాడని కండక్టర్ గారు చెప్పారు.

లేచి నిలబడటం నాకు అది మొదటిసారి కాదు. ఇక చెప్పేస్తాను.

అమ్మ పోయినప్పుడు నేను పక్కన లేను.

ఆ రోజు మధ్యాహ్నం నీకు ఫోను చేసి, ఏం కంగారు లేదు, నేనున్నాను కదా అన్నాను. ఉన్నాను కూడా, నాలుగింటిదాకా. అప్పుడు అమ్మ ఊపిరి మారింది. అది దేనికి గుర్తో డాక్టరు నాకు ముందే చెప్పి ఉంచారు. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు సరిగ్గా పడటం లేదని పొద్దుట్నించీ గమనిస్తున్నాను. నాలో నేనే అదేదో అర్జెంటు పని అనుకుని లేచిపోయాను. ఆసుపత్రి మెకానిక్కుని పట్టుకుని, మేడ మీద మోటారు గదిలో నలభై నిమిషాలు గడిపాను. బాగుచెయ్యాల్సింది పది నిమిషాల్లో అయిపోయింది. మిగతా అరగంట బ్రేకు గురించి అతనికి పాఠం చెప్పాను. అతను పాపం సార్ సార్ అంటూ విన్నాడు.

కిందికి వచ్చేసరికి నా కుర్చీలో ఒకావిడ కూర్చునుంది. అమ్మ చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. "ఇప్పుడేనండీ" అంది. ఆవిడ వచ్చింది పక్క మంచం మనిషి కోసం. ఇటు ఎవరూ లేరని చూసి కుర్చీ మారింది. వెళ్తూ వెళ్తూ సంఘం అడ్రసు రాసిన చీటీ ఒకటి నా జేబులో పెట్టింది. నేను ఆవిడని ఒక్క మాట కూడా అడగలేదు.

తర్వాత వరండాలోకి వచ్చి నీకు ఫోను చేశాను. నువ్వు బస్సులో ఉన్నావు. లాబులో సెలవు దొరక్క ఒక రోజు ఆలస్యంగా బయల్దేరానని ఏడుస్తూ, చివర్లో అమ్మ ఏమైనా అందా అని అడిగావు. ఏమీ తెలియదంటే ఎక్కడున్నావని అడుగుతావు. నా ఎదురుగా గోడ మీద ఒక పోస్టరుంది. ఒక పిల్లా, ఒక పలకా, కింద పెద్ద అక్షరాలు. "పిల్లల చదువుకి మీ వంతు చెయ్యండి." అదే చదివాను అక్కా. అమ్మ మాట అని చెప్పి నీకు గోడ మీద మాట చదివి వినిపించాను. నువ్వు దాన్ని అందంగా రాయించి అమ్మ ఫొటో కింద పెట్టావని బావగారు చెప్పినప్పటి నుంచీ నాకు మీ ఇంటికి రావాలంటే కాళ్ళాడటం లేదు. పోయిన సెలవుల్లో రాకపోవడానికి మోకాలు కారణం కాదు. పదకొండు నెలలుగా రోజూ నీకు చెప్పాలనుకుంటున్నాను, రోజూ ఇంకో లిఫ్టు చూసుకుంటున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

కాబట్టి అమ్మ కోరిక అనేదేదీ మన దగ్గర లేదు. ఆవిడ పిల్లల చదువు వద్దని అనలేదు, కావాలనీ అనలేదు. బడికి ఇద్దామంటే ఆ బడి అన్ని విధాలా అర్హమైనదే, నేను సంతకం పెడతాను. కానీ నా మొగ్గు మాత్రం కూర్చునేవాళ్ళ వైపే. వాళ్ళు గొప్పవాళ్ళని కాదు, వాళ్ళ ఫైళ్ళు చూస్తే నాకు ఇప్పటికీ కంపరమే. బడికి రేపు మనం కాకపోతే ఇంకొకరు ఇస్తారు. పిల్లల ఫొటో చూపిస్తే అందరి చెయ్యీ జేబులోకి పోతుంది. వీళ్ళ దగ్గర చూపించడానికి ఏ ఫొటో లేదు, ఒక కుర్చీ తప్ప. లిఫ్టులో బ్రేకుని ఎవరూ మెచ్చుకోరు, అది పట్టిన రోజున కూడా జనం తలుపు తీసుకుని వెళ్ళిపోతారు. నేను ఫారంలో సిఫారసు గడి నింపలేదు. అబద్ధమాడినవాడు అక్కడ రాయడం సబబు కాదు. నువ్వు ఏ పేరు రాస్తే ఆ పేరుకే పంపుతాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. దర్జీ దగ్గర కూర్చున్నాక, అమ్మ చెయ్యి పట్టుకున్నావిడ ఎవరో కండక్టర్ గారిని అడిగి తెలుసుకున్నాను. చెప్పుల షాపులో పని చేస్తుంది. సెలవు రోజున వచ్చి కూర్చుంటుంది. మొన్న షాపుకి వెళ్ళి, ఫలానా వార్డు, ఫలానా మంచం, మీకు గుర్తుందా అని అడిగాను. చేతిలో ఉన్న చెప్పుల జత పెట్టెలో సర్దేసి, నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"గుర్తుందండీ. నేను చెయ్యి పట్టుకోగానే కళ్ళు తెరిచి, 'బుడ్డమ్మా, వచ్చేశావా' అన్నారు. ఎవర్ననుకున్నారో నాకు తెలీదు. కాదని చెప్పబుద్ధి కాలేదు. 'వచ్చేశానమ్మా' అన్నాను. తప్పు చేశానేమోనని ఇన్నాళ్ళూ మనసులో పీకుతూనే ఉంది."

నిన్ను ఆ పేరుతో పిలిచేది అమ్మ ఒక్కతే. నీ పెళ్ళయ్యాక అందరి ముందూ పిలవడం మానేసింది, బావగారికి కూడా తెలిసుండదు. బుడ్డమ్మ ఎవరో ఆవిడకి చెప్పాను. తప్పేమీ చెయ్యలేదని కూడా చెప్పాను. మన ఇద్దరి తరఫునా చెప్పాననుకో.

నువ్వు ఆలస్యమయ్యానని ఇంక ఏడవకు. అమ్మ లెక్కలో నువ్వు సమయానికే వచ్చావు.

ఇట్లు,
ఆ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయిన
నీ తమ్ముడు