దోసకాయ తొక్కు

ఎల్బీనగర్

అక్కా, మేమంతా కులాసా. ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవని ఈ కార్డు.

తెలంగాణ సమ్మెతో కూరల బజారు మూసేసినా మా పెరట్లో దోసపాదు విరగకాస్తోంది. మొన్న పక్కింటి యాదలక్ష్మి, నల్గొండ వాళ్లు, "జర దోసకాయ తొక్కు ఇయ్యరాదక్కా" అంది. వాళ్ల మేకకి కాబోలని గిన్నెడు తొక్కలు ఇచ్చాను. "గిదేందక్కా, నన్ను మేకననుకున్నవా?" అని పడీపడీ నవ్వింది. వీళ్లు రోటిపచ్చడిని తొక్కు అంటారట! ఆ పూట మా రోట్లో ఇద్దరం కలిసి నూరి, వేడన్నంలో అక్కడే తిన్నాం.

పొట్లగింజలు రెండు పొట్లాలు పంపు, ఒకటి తనకి. అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? బావగారికి నమస్కారాలు.

గొడవలు తగ్గేదాకా రేపల్లె వచ్చెయ్యమని మాత్రం ఇంక అనకు. మీ మరిదిగారు కంచం ముందు కూర్చుంటూనే "తొక్కు ఏదీ?" అంటున్నారు.

విజయదుర్గ