కాలేయానికి ఎవరు నేర్పారు?

జనగామ, మంగళవారం రాత్రి

సమ్మెతో కాలేజీకి తాళం పడింది. అందుకని ఇవాళ కూడా తెలంగాణ దీక్షా శిబిరంలోనే జీవరసాయన పాఠం చెప్పాను. నిన్నటి నుంచి నిరాహారంగా కూర్చున్న నా విద్యార్థిని సరితే ఉదాహరణ. తిండి అందకపోతే కాలేయం కొవ్వును కీటోన్లనే ఇంధనంగా మార్చి మెదడుకు పంపుతుందన్నాను.

"గా తెలివి కాలేయానికి ఎవరు నేర్పిండ్రు మేడం?" అంది సరిత.

"కరువులు. గట్ల చేయగలిగినోళ్లే కరువుల బతికిండ్రు. మనం వాళ్ల పిల్లలం," అన్నాను.

కెమిస్ట్రీ సారు అడ్డుపడ్డాడు. "గది సిలబస్‌ల లేదు మేడం. రసాయనం చెప్పుండ్రి చాలు, జీవపరిణామం ఎందుకు?"

ఎందుకేమిటి? ఒంట్లో ఏం జరుగుతోందో రసాయనం చెబుతుంది. ఆ పద్ధతి మన ఒంటికి ఎలా దక్కిందో పరిణామం చెబుతుంది. ఒకటి వదిలేస్తే అది సగం పాఠమే. ప్రిన్సిపాల్‌కు చెబుతాడట. చెప్పుకోనీ.

కానీ సాయంత్రం దీక్ష విరమించి నిమ్మరసం తాగాక, సరిత ఇద్దరి భుజాలు పట్టుకుని లేచింది. రేపు మళ్లీ కూర్చుంటానంటోంది. కరువు దాటినవాళ్ల పిల్లలమని గొప్పగా చెప్పాను. దాటలేనివాళ్ల సంగతి చెప్పలేదు.

రేపు ఆమె చోట నేను కూర్చుంటాను. ఆ మిగిలిన పాఠం ఖాళీ కడుపుతోనే చెబుతాను.