అరుగు మీది చాప

గజపతినగరం,
12-8-1968.

డాక్టరమ్మగారికి,

నేను సుభద్రమ్మ కోడలిని. ముందు కవరులోని రెండు దారాలు చూడండి! మీరు చెప్పినట్టే మా అత్త రొమ్ములో గడ్డను వాటితో కొలిచాను. పొడుగు దారం, రెండు రకాల హార్మోను మాత్రలు కలిపి మొదలుపెట్టిన రోజుది. పొట్టిది నిన్నటిది. సగం కూడా లేదు! చెయ్యి పైకెత్తి జుట్టు ముడి తనే వేసుకుంటోంది.

ఒక్కటి మాత్రం దాచకూడదు. అరవై రెండేళ్ళ మనిషికి గురువారం మళ్ళీ ముట్టు కనబడింది. నేను హడలిపోయాను. ఆవిడేమో, ఇరవయ్యేళ్ళుగా నన్ను నెలనెలా దూరంగా కూర్చోబెట్టిన చాపే తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది. మైలతో మందు ముట్టనని మొండికేసింది. రెండు పూటలు మాత్రలు తప్పాయి. మూడో పూట నేనే వెళ్ళి నోట్లో వేశాను.

"ఏటే, నన్ను ముట్టీసుకున్నావు? నువ్వూ మైలపడిపోనావు!" అంది.

"అయితే కాస్త జరుగత్తా, నానూ కూకుంటాను," అన్నాను.

ఒకే చాప మీద ఇద్దరం పడీపడీ నవ్వాం.

తప్పిన రెండు పూటలూ మీ పుస్తకంలో రాసుకోండి, కానీ ఈ మాత్రల మీద మీరు చేస్తున్న పరీక్షలోంచి మా అత్త పేరు కొట్టెయ్యకండి. ఆ రక్తం మాత్రల వల్లేనా, భయపడాలా, వెంటనే రాయండి.

ఇకమీదట ఒక్క పూట కూడా తప్పదు. ఈ ఉదయం ఆ చాపను అత్తే ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే నాకు టీ కాచి ఇచ్చింది.

ఇట్లు,
సుభద్రమ్మ కోడలు.