మందిరం ఖాళీ అన్నారు

గురువారం, ఉదయం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. మీ ఆవిడ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా సంగతి నీకు తెలిసిందే.

మంగళవారం నువ్వు వచ్చేలోపు ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇదీ జరిగింది.

తొమ్మిదింటికి పోలీసులు దిగారు, రెండు బుల్‌డోజర్లు వచ్చాయి. ప్రజా ప్రయోజనం కోసం మందిరాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుందనీ, అక్కడ ఆరంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కడతారనీ వాళ్లతో వచ్చిన అధికారి నోటీసు మళ్లీ చదివాడు. మీ అక్క ఊరుకుంటుందా? మెట్ల మీదికి వచ్చి, మేం ప్రజలం కామా నాయనా, బట్టల కొట్టుకొచ్చేవాళ్లే ప్రజలా అని అడిగింది. వీధిలో ఉన్న మేమంతా నవ్వాం. ఆ నవ్వు ఆగకముందే లాఠీలు లేచాయి.

పడినవాళ్లను తొక్కుకుంటూ జనం పరుగెత్తారు. మందిరం పెద్దాయన పళ్లు రాలి చొక్కా మీద పడ్డాయి. నా ఎడమ మోచేయి విరిగింది. మీ అక్క కనిపించలేదు. వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం మందిరంలోని గ్రంథాలు తేవడానికి లోపలికి వెళ్లింది.

ముందున్న బుల్‌డోజర్ డ్రైవర్ కిందికి దిగి, లోపల ఎవరూ లేరు కదా సార్ అని రెండుసార్లు అడిగాడు. అధికారి గుమ్మం దాకా వెళ్లి చూసి, ఖాళీయేనయ్యా, కానివ్వు అన్నాడు. పోలీసులు అడ్డం పెట్టిన కంచె అవతలి నుంచి నేను విన్నాను. మొదటి దెబ్బకే పడమటి గోడ కూలింది. ఆమె కేక వినబడింది. చేతులతో తవ్వాం. గంటన్నర పట్టింది. బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

అప్పటికి నువ్వు వచ్చావు. డ్రైవర్‌ను కిందికి లాగి, ఇనుప కడ్డీతో రెండు మోకాళ్లూ విరగ్గొట్టావు. నేను పక్కనే ఉండి ఆపలేదు. నిన్న ఫోన్‌లో, శుక్రవారం ఆసుపత్రిలోనే వాడి పని పూర్తి చేస్తాను బావా అన్నావు. వద్దు. అతను అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

మీ బావ

తా.క. అధికారి గుమ్మం దగ్గర చూసింది చెప్పుల అర. బయట చెప్పులు లేకపోతే మన మందిరంలో మనిషి లేనట్టేనని పోలీసులకు కూడా తెలుసు. అతను చూడక ముందు ఆ అరలో మిగిలినవి మీ అక్క చెప్పులే. కొత్తవి. కాలికి సరిపోయేవి దొరకక మూడు కొట్లు తిరిగి కొన్నాం. వట్టికాళ్లతో పారిపోయి ఉంటుంది, తొక్కిసలాటలో ఇవి పోతాయి, ఇంటికెళ్లాక ఇద్దాం అనుకుని, అతను అటు రాకముందే నేనే తీసి సంచిలో వేసుకున్నాను. నువ్వు అతన్ని కొడుతున్నప్పుడు ఆ సంచి నా భుజానే ఉంది.

రేపు ఉదయం విచారణ అధికారి ముందు ఆ సంచి విప్పి ఈ మాట చెబుతాను. అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి డ్రైవర్ మంచం పక్కన కూర్చుంటాను.