నాన్న ఎందుకు నిలబడ్డాడు

ప్రియమైన చిన్నోడికి,

ప్రభువు కృప నీ గడప విడవకుండా ఉండాలని కోరుతూ నీ పెద్దన్న రాసేది. ఇక్కడ మీ వదిన క్షేమం, పిల్లలిద్దరూ క్షేమం. మరదలూ నీ కొడుకూ కులాసాగా ఉన్నారని చదివి సంతోషించాం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. దుకాణం పైకప్పు బాగు చేయించాను. ఇక వానొస్తే కుట్టుమిషన్ల మధ్య బకెట్లు పెట్టుకోనక్కర్లేదు. పెద్దమ్మాయికి కళ్లద్దాల షాపులో ఉద్యోగం దొరికింది. చేరిన వారంలోనే ఇంటిల్లిపాదికీ చూపు మందగించిందని తేల్చేసింది. మీ వదిన మాత్రం, "నాకు కనబడాల్సినవి కనబడుతూనే ఉన్నాయి" అని నా వైపు చూసింది. ఎందుకు చూసిందో ముందు ముందు నీకే అర్థమవుతుంది.

నేను పంపిన ఫొటోలో నా చొక్కా కొక్కేనికి తగిలించినట్టుందనీ, దర్జీ అయ్యుండి సొంత కొలత తప్పానేమిటనీ ఎగతాళి చేశావు. సంఘంలో నా ఆదివారం ప్రసంగాలు కురచయ్యాయని ఎవరో నీ చెవిన వేశారట, ఉరుము మూగబోయిందా అని అడిగావు. రెండూ నిజమే. రెండింటికీ జవాబు ఒకటే. అది చెప్పే ముందు నీ ఉత్తరం అడుగున, సంతకానికి పైన ఇరికించి రాసిన మాట దగ్గరికి వస్తాను. బస్సు సీటు మీద కూర్చుని కూర్చుని మొలలు వచ్చినట్టున్నాయనీ, రక్తం పడుతోందనీ, దిండు వేసుకుని బండి నడుపుతున్నాననీ, మందుల షాపతను లేపనం ఇచ్చాడనీ రాశావు. వదినకు చెప్పకు, నవ్వుతుంది అన్నావు.

చెప్పాను. ఆమె నవ్వలేదు.

ఆ దిండు మాట చదివినప్పటి నుంచి నాన్న మన ఇంట్లో తిరుగుతున్నాడు, చిన్నోడా. నేను దయ్యాలకు జడిసేవాణ్ణి కాదని నీకు తెలుసు. వేదిక ఎక్కి వాటిని పేరుపేరునా తరిమినవాణ్ణి. కానీ ఈయన్ని ఏ వాక్యం చదివి పొమ్మనను? కూర్చుని చదువు, చెబుతాను. కూర్చోలేకపోతే నిలబడే చదువు.

పోయిన చలికాలం నుంచి నా కడుపు నా మాట వినడం మానేసింది. కొన్నాళ్లు బిగుసుకుపోయేది, కొన్నాళ్లు అదే పనిగా పరుగెత్తించేది. వెళ్లి వచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలే ఉందనిపించేది. తర్వాత రక్తం. మొదట అంచున కాస్త ఎర్రగా, ఆ తర్వాత లోపలే కలిసిపోయి ముదురుగా. మొలలే అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. ఆరాధన మధ్యలో లేచి పరుగెత్తాల్సి వస్తుందని ముందు రోజు నుంచే తిండి మానేసేవాణ్ణి. సంఘం దాన్ని ఉపవాసం అనుకుంది. నా బక్కతనాన్ని భక్తి అనుకుంది. ఒక ముసలమ్మ నా చేతులు తీసుకుని కళ్లకద్దుకుంది కూడా. నేను కాదనలేదు. అబద్ధం మీద అంతంత పొడుగు ప్రసంగాలు చేసిన నోరు అక్కడ మూసుకుంది.

మీ వదిన పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి చేతిరుమాలు కూడా ఉతకని మగాడు, తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెడితే ఏ ఆడది ఊరుకుంటుంది? దండెం దగ్గర అడ్డం నిలబడింది.

"ఎవతైనా తగిలిందా, రోగం తగిలిందా? మొదటిదైతే తీరిగ్గా చూసుకుంటాను. రెండోదైతే ఇప్పుడే పదండి."

వెళ్లాం. చిన్న గది. గోడ మీద పేగుల బొమ్మ. డాక్టరమ్మ మన పెద్దమ్మాయి కంటే కాస్త పెద్దదేమో, అంతే. ఏమైంది చెప్పండి అంది. పెద్ద పెద్ద సభల్లో మైకు లేకుండా మాట్లాడిన గొంతు నాది. ఆ పిల్ల ముందు నా రోగాన్ని నాదని చెప్పుకోలేకపోయాను. ప్రసంగంలో నా పద్ధతి నీకు తెలుసుగా, ఏది చెప్పాలన్నా ఎవరో ఒకానొక మనిషి మీద పెట్టి ఎత్తుకుంటాను. ఇక్కడా అదే నోట్లోంచి వచ్చింది.

"మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడమ్మా."

మీ వదిన తల పట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం కలం కింద పెట్టలేదు. ఆ సహోదరుడికి ఎన్నాళ్ల నుంచి, రక్తం పైన అంటుకుని ఉంటోందా, లోపల కలిసి ఉంటోందా, మలం మునుపటి కంటే సన్నబడిందా, బరువు తగ్గాడా, మెట్లెక్కితే ఆయాసమొస్తోందా అని వరసగా అడిగింది. సహోదరుడి తరఫున అన్నిటికీ జవాబు చెప్పాను. అంతా రాసుకుని తలెత్తింది.

"సరే. ఆ సహోదరుణ్ణి చెప్పులు విప్పి ఆ బల్ల మీద ఎడమ పక్కకు తిరిగి పడుకోమనండి."

తెర అవతల మీ వదిన నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. వెంట తెచ్చుకున్న పరిశుద్ధ గ్రంథాన్ని గుండెకు అదుముకుని పడుకున్నాను. పుస్తకం ఉండనివ్వండి, ఊపిరి మాత్రం వదలండి అందావిడ.

మళ్లీ కుర్చీలో కూర్చున్నాక నాన్న ఎలా పోయాడని అడిగింది. కడుపునొప్పితో అన్నాను. ఎలాంటి కడుపునొప్పి అంది. అదేమోగానీ గట్టి మనిషమ్మా, చివరిదాకా నిలబడే పని చేశాడు అని గొప్పగా చెప్పాను.

"ఎందుకు నిలబడేవారు?"

చిన్నోడా, ఈ ప్రశ్న మనలో ఎవరమైనా అడిగామా? కూర్చుని కుట్టేవాడు పనివాడు, నిలబడి కత్తిరించేవాడు మేస్త్రీ అనేవాడు నాన్న. అలా అంటూనే మిషను నాకు అప్పగించి, తాను కత్తెర పట్టుకుని బల్ల దగ్గరికి మారాడు. మనం నమ్మాం. నువ్వయితే బడిలో చెప్పుకుని మురిసిపోయావు. అన్నం తినేటప్పుడు కూడా కంచం చేత్తో పట్టుకుని గోడకు ఆనుకునేవాడు. ముదురు రంగు ప్యాంట్లు తప్ప వేసేవాడు కాదు. వాటిని అమ్మ చేతికి ఇచ్చేవాడు కాదు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం. ఆ గదిలో అవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి.

కూర్చోలేకమ్మా అన్నాను. ఆ మాట అన్నాకే తెలిసింది, నేను కూడా మిషను పనివాడికి వదిలేసి కత్తెర పట్టి నెలలు దాటిందని.

తర్వాత కెమెరా గొట్టంతో లోపల చూశారు. గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఇంకా పక్కకు పాకినట్టు లేదు, కోసి తీసేద్దాం అంది డాక్టరమ్మ. తోడబుట్టినవాళ్లు ఉన్నారా అని అడిగింది. తమ్ముడున్నాడు అన్నాను. బాధ లేకపోయినా సరే, వెంటనే చూపించుకోమనండి అంది. ఇంటికొచ్చేసరికి తలుపు కింద నీ ఉత్తరం.

అప్పటి నుంచి ఆరాధనలో అందరూ కూర్చున్నాక వెనక స్తంభం పక్కన నాన్న నిలబడి ఉంటాడు. చేతిలో కత్తెర. నా వైపు చూడడు. కిటికీలోంచి, బస్సులు పోయే రోడ్డు వైపు చూస్తాడు. గ్రంథంలో వేలు పెట్టిన చోటు తెలుస్తుంది గానీ అక్షరాలు కనబడవు. ప్రసంగం అక్కడితో ఆపేస్తాను. నువ్వు విన్న కురచ ప్రసంగాలు కడుపు భయంతో ముగించినవి, ఇప్పుడు ఉరుము మూగబోయింది నాన్న వల్ల. పోయిన ఆదివారం మాత్రం ఆపలేదు. నేను ఉపవాసం ఉండలేదు, రోగాన్ని దాచుకున్నాను, అది పేగులో ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొందరు తలలు దించుకున్నారు. దించుకోనీ.

నీవి నిజంగా మొలలే కావచ్చు. రక్తం పడ్డవాళ్లలో ఎక్కువ మందికి ఇది కాదని డాక్టరమ్మే చెప్పింది. కానీ ఆ సంగతి తేల్చాల్సింది లేపనం అమ్మేవాడు కాదు, నువ్వు కాదు, నేనూ కాదు. డ్యూటీ ఉందనకు. సిగ్గు అనకు. అన్న ప్రార్థన చేస్తున్నాడుగా అని అసలు అనకు. పొద్దున లేచింది మొదలు నీ కోసం మోకాళ్ల మీదే ఉన్నాను. ఆ ప్రార్థనను డాక్టరుకు అడ్డం పెట్టుకున్నావంటే, దేవుడి దగ్గరికి వెళ్లి దాన్ని నేనే వెనక్కి అడుగుతాను.

ఆపరేషన్ వచ్చే వారం. నా తమ్ముడు చూపించుకున్నాడని తెలిసేదాకా బల్ల ఎక్కనని మొండికేశాను. డాక్టరమ్మ కసురుకుంది. "మీరు బతికుంటేనే కదా ఆయన్ని పోరుపెట్టేది" అంది. ఒప్పుకున్నాను.

ఒకవేళ నేను ఆ బల్ల మీంచి లేవలేదనుకో. డాక్టర్లే చంపారని జనం అంటారు. మన బంధువులు మరీ అంటారు. ఆ మాట నీకు తియ్యగా వినబడుతుంది, ఎందుకంటే ఇంట్లో కూర్చోవడానికి అదొక సాకు. నమ్మకు. నన్ను కోసినందుకు కాదు, కోయడం ఆలస్యమైనందుకు పోయానని చెప్పు. నాన్న గురించి కూడా అదే చెప్పు, నీ కొడుకుతో కూడా చెప్పు. నా కబురు వింటే బస్సు ఆపి ఏడుస్తూ పరుగెత్తుకొస్తావని తెలుసు. రావద్దు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. నా సమాధి ఎక్కడికీ పోదు, తర్వాత వచ్చి చూడొచ్చు.

ఇట్లు,
నీ మేలు తప్ప వేరే ఏదీ అడగడం చేతకాని
పెద్దన్న