ఏడింటికి మరీసా చేయాల్సిన ఫోను

టులేరీ,
జూన్ 20

ప్రియమైన గిల్‌కి,

ఇక్కడ నేను, మన మరీసా, మీ అమ్మ, ఆవులు అందరం బాగున్నాం. అలాస్కాలో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం చెప్పింది, చేపల వాసనతో సహా. ఒక పూట దండెం మీద ఆరేస్తే గాని చదవలేకపోయాను. ఆ చేపల ఫ్యాక్టరీలో ఫోను అందదని నువ్వు బాధపడ్డావు గాని, ఈసారి అదే మేలయింది. నేను చెప్పబోయే సంగతి ఫోనులో చెప్పడానికి నాకు నోరు రాదు. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

మీ అమ్మ మోకాలు నయం. డాక్టరు నడవమన్నాడని రోజూ మన వంటింటి దాకా నడిచొచ్చి, సూపులో ఉప్పు తక్కువైందని చెప్పి, మళ్ళీ నడిచి వెళ్తోంది. కూలర్ నీ తమ్ముడు బాగుచేశాడు. ఇప్పుడు చప్పుడు రావడం లేదు, గాలి కూడా రావడం లేదు.

కాలేజీల వాళ్ళెవరైనా పిల్ల ఆట చూశారా అని అడిగావు. చూడకేం. ఫ్రెస్నో సాఫ్ట్‌బాల్ టోర్నమెంటులో వల వెనక మడత కుర్చీలు వేసుకుని వరసగా కూర్చున్నారు. నల్ల కళ్ళద్దాలు, కాలేజీ చొక్కాలు, చేతుల్లో బంతి వేగం కొలిచే తుపాకులు. ఎనిమిదో తరగతి పిల్లలతో గాని, వాళ్ళ అమ్మానాన్నలతో గాని మాట్లాడకూడదని వాళ్ళకి రూలు. అందుకని చూస్తారు. పిల్ల సంచీ ఎవరు మోస్తున్నారో చూస్తారు, తల్లితో ఎలా మసలుతుందో చూస్తారు. మన టీమ్ కోచ్ రస్టీ ఈ సంగతి పిల్లలకి ముందే నూరిపోశాడు. మరీసా తన సంచీ తనే భుజాన వేసుకుని, సరిగ్గా ఆ కుర్చీల ముందు ఆగి, "అమ్మా, ఎండగా ఉంది, నీళ్ళు తాగుతావా?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. నేను ఖంగు తిని "ఎవరికి?" అన్నాను.

పిల్ల ఇంకెంత ఎదుగుతుందో అంచనా కట్టడానికి తల్లి ఒడ్డూ పొడుగూ కూడా చూస్తారట. మరీసా టీమ్‌లో పిల్ల తల్లి, షెరిల్ అవిలా, ఆ మట్టిలో ఎత్తు మడమల చెప్పులు వేసుకొచ్చింది. కాళ్ళు నొప్పెట్టవా అంటే, "నా కూతురి భవిష్యత్తు లిందా, నొప్పెట్టినా నిలబడాలి" అంది. ఒక కోచ్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. సంతలో పెయ్యని కొనేముందు దాని తల్లిని చూస్తామే, అట్లా. నేను పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను.

ఆవిడే ప్రూయిట్, ఒరెగాన్‌లో ఒక కాలేజీ కోచ్. ఆదివారం రస్టీ ఇంటికొచ్చి చెప్పాడు: "ఆవిడకి మరీసా నచ్చింది. నాలుగేళ్ళూ ఫీజు లేకుండా చదువు. కాని ఆవిడ ఫోన్ చెయ్యకూడదు, రూలు. పిల్ల చేస్తే ఎత్తొచ్చు. గురువారం సాయంత్రం ఏడింటికి ఫోను పక్కనే కూర్చుంటుంది. ఏడున్నరకి ఇంకో పిల్ల చేస్తుంది, గుర్తుంచుకో."

"హైస్కూలే మొదలవలేదు, అప్పుడే కాలేజీ ఏంటమ్మా?" అని గొణిగింది మరీసా. ఊరికే మాట్లాడు చాలన్నాను. సరేనంది.

గురువారం ఆరున్నరకి మరీసా పెంచుకున్న తొలిచూలు ఆవుకి నొప్పులు మొదలయ్యాయి. నేను కొట్టంలోకి పరిగెత్తేసరికి పిల్ల గడ్డిలో మోకాళ్ళ మీద ఉంది. "దూడ కాలు మడత పడింది. నేను రాను" అంది. "కాలేజీ?" అన్నాను. "కాలేజీ చచ్చిపోదమ్మా" అంది.

ఏడైంది. పిల్ల కాస్త ఆలస్యంగా చేస్తుందండీ అని చెబుదామని, ఆ ఒక్క ముక్క చెబుదామనే, నేను ఫోన్ చేశాను. "హలో" అన్నానో లేదో, "మరీసా! అన్న టైముకే చేశావే!" అంది ఆవిడ. రూలు పుణ్యమా అని పిల్లతో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. మా ఇద్దరి గొంతూ ఒకటేనని నువ్వే అంటావు. మీ అమ్మయితే ఇప్పటికీ పొరపాటు పడి నా మీద చాడీలు నాకే చెబుతుంది.

కాదనేలోపే ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఓడిపోయిన రోజు ఇంటికెళ్ళి ఏం చేస్తావ్?" "బట్టలు ఉతుకుతానండి" అనేశాను. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలున్నారా అని మురిసిపోయింది. "మీ అమ్మ ఏమంటుంది?" "మా అమ్మ దేవతండీ, పల్లెత్తు మాట అనదు." గిల్, నవ్వకు. "ఏం చదవాలనుంది?" "నర్సు." చివరికి, "నువ్వు మాకు కావాలి. వస్తావా?" అంది. "వస్తానండి" అన్నాను.

ఇది నోటిమాటే, సంతకాలు హైస్కూలు ఆఖరి ఏడాదిలో. కాని ఈ ఆటలో నోటిమాట తప్పినవాళ్ళ మొహం మళ్ళీ చూడరు. పిల్లకి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఈలోపు ఆవిడ రస్టీకి చెప్పింది, రస్టీ ఊరందరికీ చెప్పాడు. శనివారం ఆట నేర్చుకునే చోట పిల్లలంతా మరీసాని కావిలించుకున్నారట. ఇంటికొచ్చి, "అమ్మా, నేను ఏ కాలేజీకి వెళ్తున్నానో నాక్కూడా చెప్తావా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

జరిగింది చెప్పాను. "నర్సా? నాకు మనుషులంటేనే చిరాకు. ఆవులైతే సరే" అని నా ఎదుటే ఫోను తీసి, నాకూ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"నేనండీ, మరీసాని. అసలు మరీసాని. మొన్న మాట్లాడింది మా అమ్మ. అప్పుడు నేను దూడని లాగుతున్నా."

"అయితే బట్టలు ఉతికేది?" అంది కోచ్.

"అమ్మే. దేవత అన్నది కూడా తనే, తన గురించే."

నాకు తల కొట్టేసినట్టయింది.

"మీరు పిలవడం నాకు సంతోషమేనండి. కాని వస్తానో రానో నాకే తెలీదు. తెలిశాక నేనే చేస్తా" అంది పిల్ల.

"అప్పటిదాకా చోటు ఉంచలేను తల్లీ. ఇంకొకరు వస్తానంటే ఇచ్చేస్తాను."

"ఇచ్చేయండి" అంది నీ కూతురు. నిన్న ఆ చోటు షెరిల్ కూతురికి వెళ్ళింది.

నువ్వు తిట్టొచ్చు. కాని ఇంకొకటుంది, ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. ఆవిడ "వస్తావా" అన్నప్పుడు నేను మరీసాలా నటించలేదు. ఆ నిమిషాన నాకు మరీసా గుర్తే లేదు. ముప్పై ఏడేళ్ళొచ్చాయి, ఇంతవరకు నన్నెవరూ వచ్చి చదువుకోమని పిలవలేదు. బడి అయిపోగానే పెళ్ళి, పెళ్ళి కాగానే ఈ పాల కొట్టం. అది నీ తప్పు కాదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ పిలిచింది, నేను వస్తానన్నాను. ఫోను పెట్టేశాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

ఇది మరీసాకీ చెప్పాను. "ఈ ముక్క ముందే చెప్తే పోయేది కదా" అంది. సోమవారం పొద్దున్నే తాళాలు నా చేతిలో పెట్టి, మన ఊరి చిన్న కాలేజీకి బండి తియ్యమంది. అక్కడ కిటికీలోని అమ్మాయి మరీసా వైపు చూసి, చిన్నపిల్లల్ని చేర్చుకోమండీ అంది. "చేరేది నేను" అన్నాను. ఏం చదువుతారని అడిగింది. నోరు పెగల్లేదు. మరీసా నా బదులు చెప్పలేదు. పక్కన నిలబడి, నేనే "నర్సు" అని చెప్పేదాకా ఊరుకుంది.

ఆగస్టు నుంచి మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసులు. నిన్ను అడగడం లేదు గిల్, చెబుతున్నాను. నువ్వొచ్చాక ఆ రెండు రోజులూ వంట నీది.

ఇట్లు,
నీ భార్య
లిందా